అతిసున్నితత్వం: రోగరక్షణ వ్యవస్థ తీర్పు తప్పినప్పుడు

చెరువు గట్టున వయ్యారిభామ మొక్కలు పీకిన ఇద్దరు కూలీల్లో ఒకరికి ఏమీ కాదు. రెండోవారికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, చర్మం మందమై, నెలల తరబడి దురద వదలదు. ఒకే పళ్లెంలోని వేరుశనగ ఉండలు తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు ఆటకు పరుగెత్తుతాడు, ఇంకొకడికి పావుగంటలో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోతుంది. తేడా మొక్కలోనో గింజలోనో లేదు, తాకినవారి, తిన్నవారి ఒంట్లో ఉంది. రోగాల నుంచి కాపాడవలసిన వ్యవస్థే సొంత కణజాలాన్ని దెబ్బతీసే ఇలాంటి ప్రతిచర్యలన్నిటికీ వైద్యశాస్త్రంలో ఉమ్మడి పేరు అతిసున్నితత్వం. అలర్జీ అందులో పెద్ద భాగం. దీని గురించి జనంలో ఒక నమ్మకం, పుస్తకాల్లో ఒక నమ్మకం ఉన్నాయి. రోగనిరోధక శక్తి తగ్గింది కాబట్టే ఏదీ ఒంటికి పడటం లేదని జనం అనుకుంటారు. టానిక్కులు అమ్ముడుపోయేది ఈ నమ్మకం మీదే. పుస్తకాలు దీన్ని తలకిందులు చేసి, ఆ శక్తి మితిమీరడమే అలర్జీ అంటాయి: ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టన్నమాట. రెండో మాట మొదటిదానికంటే నిజానికి దగ్గరే. అయినా నూరేళ్లకు పైగా పోగైన సాక్ష్యం చూస్తే రెండూ బలం గురించే మాట్లాడి అసలు సంగతిని దాటవేస్తున్నాయి. అలర్జీలో ప్రయోగమయ్యే ఆయుధాలు మామూలువే, చాలాసార్లు వాటి మోతాదూ మామూలుదే. చెడింది ఎక్కడంటే, దేని మీద ఏ ఆయుధం వాడాలో తేల్చే తీర్పులోనూ, వద్దని ఆపే కళ్లెంలోనూ.

దీనికి తొలి ఆనవాలు ఒక విఫల ప్రయోగంలో దొరికింది. 1901లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ నౌకలో ప్రయాణిస్తూ ఫైసాలియా అనే సముద్రజీవి విషం మీద పని మొదలుపెట్టారు. పారిస్ తిరిగొచ్చాక సముద్రపు ఎనిమోన్ల నుంచి తీసిన విషంతో కుక్కల మీద ప్రయోగాలు కొనసాగించారు. కొద్దికొద్దిగా ఇస్తే కుక్కకు తట్టుకునే శక్తి పెరుగుతుందని వాళ్ల ఆశ. జరిగింది వేరు. మొదటి సూదిని తట్టుకుని పూర్తిగా కోలుకున్న కుక్కకు మూడు వారాల పైన గడిచాక, మామూలుగా ప్రాణం తీయడానికి చాలని మోతాదు ఇస్తే, క్షణాల్లో రొప్పుతూ, వాంతి చేసుకుంటూ కూలబడి అరగంట లోపే చచ్చిపోయింది. 1902లో వాళ్లు దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది. చావుకంటే ఎక్కువ చెప్పేది మధ్యలోని గడువు. మొదటి సూది వేసిన వెంటనే రెండోది వేస్తే ఈ ఉపద్రవం రాదు, వారాలు గడవాలి. అంటే ఆ వారాల్లో ఒళ్లు ఏదో నేర్చుకుంది. విషం బలం పెరగలేదు, కుక్క బలం తగ్గలేదు.

ఆ నేర్పు ఏమిటో వియన్నాలోని సెయింట్ అన్నా పిల్లల ఆసుపత్రిలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ పట్టుకున్నారు. ఆ రోజుల్లో డిఫ్తీరియా పిల్లలకు గుర్రపు సీరమే ప్రాణాధారం. సూది వేసిన ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు కొందరు పిల్లల్లో జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు వచ్చేవి, గ్రంథులు వాచేవి. ఎప్పుడో సీరం తీసుకున్న పిల్లకే మళ్లీ ఇస్తే అన్ని రోజులు ఆగేది కాదు; కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో అదే జబ్బు తలెత్తేది. గుర్రపు సీరం దానంతట అది విషం కాదు. కాబట్టి జబ్బు సీరంలో లేదు, సీరానికీ దానికి విరుగుడుగా ఒంట్లో తయారైన పదార్థానికీ మధ్య జరిగే ఢీలో ఉందని 1905లో ఇద్దరూ కలిసి రాశారు. మరుసటి ఏడాది పిర్కే 'అలర్జీ' అనే పేరు తెచ్చాడు. రక్షణ కలిగించే మార్పునూ హాని కలిగించే మార్పునూ ఆయన ఆ ఒక్క పేరు కిందే ఉంచాడు. కాపాడే యాంటీబాడీలే జబ్బు తెస్తాయంటే ఆనాటి పండితులకు మింగుడుపడలేదు. వాళ్ల అభ్యంతరం అర్థం చేసుకోదగ్గదే. కానీ పిర్కే గడువుల లెక్క ముందు అది నిలవలేదు: టీకా పనిచేయడానికి పట్టే కాలమూ సీరం జబ్బు రావడానికి పట్టే కాలమూ ఒకటే, రెండోసారి త్వరగా రావడమూ రెండింటికీ సమానమే. ఈ అధ్యాయం ఇంకా ముగియలేదు. పాముకాటుకు మన జిల్లా ఆసుపత్రుల్లో ఎక్కించే విరుగుడు నేటికీ గుర్రాల రక్తం నుంచి తీసిందే. కాటు నుంచి బతికి ఇంటికి చేరిన మనిషికి వారం, రెండు వారాలకు జ్వరం, కీళ్లనొప్పులు వస్తే అది విషం మిగిలిపోవడం వల్ల కాకపోవచ్చు, వియన్నా పిల్లలకు వచ్చినదే కావచ్చు.

తక్షణం వచ్చే అలర్జీకి కారణం రక్తంలోనే ఉందని తేల్చిన ప్రయోగం ఇంకా సాదాసీదాది. హైన్స్ క్యుస్ట్నర్ అనే వైద్యుడికి చేప పడదు. 1921లో ఆయన సహోద్యోగి కార్ల్ ప్రౌస్నిట్స్ క్యుస్ట్నర్ రక్తం నుంచి తీసిన సీరం చుక్కను తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే, చేప హాయిగా తినగలిగే ప్రౌస్నిట్స్ చర్మం మీద నిమిషాల్లో దద్దు లేచింది. పక్కన సీరం ఎక్కని చర్మానికి ఏమీ కాలేదు. ఆ సీరంలో ఉన్నదేమిటో తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో కిమిషిగే, తెరుకో ఇషిజాకా దంపతులు, ఆ వెనుకే స్వీడన్‌లోని ఉప్సలాలో జొహాన్సన్, బెన్నిక్ వేర్వేరు దారుల్లో ఒకే యాంటీబాడీని చేరుకున్నారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు స్థిరపడింది. అన్ని యాంటీబాడీల్లోకీ రక్తంలో అతి తక్కువగా ఉండేది ఇదే, ఐజీజీతో పోలిస్తే వెయ్యో వంతు కూడా ఉండదు. అంత కొంచెం పదార్థం అంత పని ఎలా చేస్తుందన్న ప్రశ్నకు జవాబు మాస్ట్ కణాల్లో ఉంది.

చర్మం, ముక్కు, ఊపిరి గొట్టాలు, పేగు గోడలు, రక్తనాళాల చుట్టుపక్కల కాపలా ఉండే ఈ కణాలను 1878లో పాల్ ఎర్లిక్ తన పట్టా వ్యాసంలోనే వర్ణించాడు. మొదటిసారి పుప్పొడో పల్లీ ప్రొటీనో లోపలికి వచ్చినప్పుడు బయటికి ఏమీ కనపడదు. డెండ్రైటిక్ కణాలు ఆ ప్రొటీన్ ముక్కలను లింఫు గ్రంథికి మోసుకుపోయి టీ కణాలకు చూపిస్తాయి. అక్కడ టీ కణాలు రెండో రకం సహాయక కణాలుగా మారి ఇంటర్‌ల్యూకిన్ 4, 13 విడుదల చేస్తే, బీ కణాలు ఐజీఈ తయారీకి మళ్లుతాయి. రక్తంలో ఐజీఈ ఆయుష్షు రెండు మూడు రోజులే, మాస్ట్ కణం మీద అతుక్కుంటే వారాల తరబడి నిలుస్తుంది. మళ్లీ అదే ప్రొటీన్ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను జతపరచిందా, కణంలోని గుళికలు నిమిషాల్లో పగులుతాయి. హిస్టమిన్ నాళాలను వెడల్పు చేసి గోడలను కారేలా చేస్తుంది, ల్యూకోట్రైన్లు ఊపిరి గొట్టాలను బిగిస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇసినోఫిల్ కణాలు గుంపుగా చేరి రెండో విడత వాపు తెస్తాయి. పొద్దున తగ్గిన పిల్లికూతలు రాత్రికి తిరగబెట్టడం వెనుక ఉన్నది తరచు ఈ రెండో విడతే.

ఇక్కడ అలర్జీ పరీక్షను కాస్త దగ్గరగా చూస్తే వాదానికి ఒక ఆధారం దొరుకుతుంది. ముంజేతి లోపలి వైపు పెన్నుతో వరస గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో సారం చుక్క వేసి, చుక్కలోంచి చిన్న లాన్సెట్‌తో పైచర్మాన్ని గుచ్చుతారు. దుమ్ముపురుగు, బొద్దింక, పుప్పొడి, రొయ్య ఇలా సాగే వరసలో రెండు చుక్కలు మాత్రం వేరు: ఒకటి ఉప్పునీరు, ఒకటి హిస్టమిన్. పావుగంటకు పడని పదార్థం దగ్గర దోమ కుట్టినట్టు తెల్లటి దద్దు, చుట్టూ ఎర్రదనం వస్తాయి. ఉప్పునీటి గుర్తు కంటే దద్దు 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్ అంటారు. హిస్టమిన్ చుక్క దగ్గర మాత్రం అందరికీ దద్దు లేస్తుంది, అలర్జీ ఉన్నా లేకపోయినా. లేవకపోతే మనిషి యాంటీహిస్టమిన్ మాత్ర వేసుకుని వచ్చాడేమోనని అనుమానించి పరీక్షనే పక్కన పెడతారు. అంటే హిస్టమిన్‌కు చర్మం స్పందించే తీరు అందరిలోనూ ఒకటే. హిస్టమిన్‌ను రప్పించాలన్న నిర్ణయం దగ్గరే మనిషికీ మనిషికీ తేడా. మరో సంగతి, పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఆహారాన్ని ఏ ఇబ్బందీ లేకుండా తినేవాళ్లు బోలెడంత మంది. ఐజీఈ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రక్తపరీక్ష కాగితంలోని ఎర్ర అంకెలు చూసి పిల్లల కంచంలోంచి పాలు, గుడ్లు, గోధుమలు ఒకేసారి తీసేయడం ఈ తేడా తెలియక చేసే పని, దానివల్ల పిల్లలు అనవసరంగా చిక్కిపోతారు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరాలు రెండున్నాయి. ఒకటి అనాఫిలాక్సిస్. ఒక పల్లీకి జవాబుగా పది నిమిషాల్లో నాళాల్లోని ద్రవంలో మూడో వంతు దాకా కణజాలంలోకి కారిపోవచ్చు. రక్తపోటు పడిపోతుంది, గొంతు మూసుకుంటుంది. బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించినప్పుడు గుండె ఆగడానికి పట్టిన కాలం ఆహారం వల్లయితే సుమారు 30 నిమిషాలు, కీటకం కుడితే 15, ఆసుపత్రిలో ఇచ్చిన మందు వల్లయితే 5 నిమిషాలని తేలింది. దీన్ని మితిమీరిన బలం కాదని ఎలా అంటాం? నిజమే, ఒళ్లంతా ఒక్కసారి పేలిన చోట మోతాదు మామూలుదని అనలేం. కాకపోతే ఒక్కో మాస్ట్ కణం చేసిన పని చర్మం మీద ఒక దద్దులో జరిగే పనే. చోటు మారింది, రక్తం వెంట అన్ని చోట్లకూ ఒకేసారి ఆజ్ఞ చేరింది. చికిత్స కూడా ఇదే చెబుతుంది: తొడ బయటివైపు కండరంలోకి పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాముల వరకు ఇచ్చే అడ్రినలిన్ నాళాలను తిరిగి బిగించి, ఊపిరి గొట్టాలను వదులు చేసి, మాస్ట్ కణాలను కొంత శాంతింపజేస్తుంది. ఐజీఈ జోలికి పోదు. ముందు యాంటీహిస్టమిన్ ఇచ్చి చూద్దామని ఆగడం, పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టడం రెండూ ప్రాణాంతకమైన పొరపాట్లు. నిటారుగా లేచిన క్షణాన గుండెకు తిరిగి వచ్చే రక్తం చాలక ఆగిపోయిన సందర్భాలు వైద్య రికార్డుల్లో ఉన్నాయి.

రెండో అభ్యంతరం ఆస్తమా. ఏళ్ల తరబడి ఆయాసంతో ఉన్నవారి ఊపిరి గొట్టాలు అలర్జీ పదార్థానికే కాదు, చలిగాలికి, పొగకు, గట్టిగా నవ్వినా కూడా బిగుసుకుంటాయి. పరీక్ష కోసం పీల్పించే మెథకోలిన్ కొంచెమైనా చాలు. ఇక్కడ కణజాలమే అతిగా స్పందిస్తోంది, కాబట్టి 'అతి' అన్న వర్ణన సరిగ్గా అతుకుతుంది. ఇది ఒప్పుకోవలసిందే. అయితే ఆ అతి మొదటి కారణం కాదు, దీర్ఘకాలపు వాపు మిగిల్చిన ఫలితం. పీల్చే స్టిరాయిడ్‌తో వాపు అదుపులో ఉంచితే చాలామందిలో ఆ చురుకు తగ్గుతుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో దాన్ని మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా గొట్టాలు వదులు చేసే మందు మీదే నెట్టుకొచ్చేవాళ్లు ఈ వాపును అలాగే వదిలేస్తున్నారు.

బలం ఎక్కువైతేనే అలర్జీ అయితే, రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవారికి అది రాకూడదు. వస్తుంది, ఇంకా ఎక్కువగా వస్తుంది. విస్కాట్ ఆల్డ్రిచ్ అనే జన్యులోపంతో పుట్టిన మగపిల్లలు సూక్ష్మజీవుల ముందు నిస్సహాయులు, అయినా వాళ్లకు తీవ్రమైన ఎగ్జిమా, హెచ్చు ఐజీఈ. హెచ్‌ఐవీతో టీ కణాలు పడిపోయినవారికి కోట్రైమాక్సజోల్ వంటి సల్ఫా మందులు ఇస్తే దద్దుర్లు, జ్వరం మామూలు జనంలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నిటికంటే సూటిగా మాట్లాడేది ఐపెక్స్ అనే అరుదైన జబ్బు. ఫాక్స్‌పీ3 అనే ఒక్క జన్యువు చెడితే నియంత్రక టీ కణాలు ఏర్పడవు. ఆ పసివాళ్లకు నెలల వయసులోనే ఎగ్జిమా, ఆహార అలర్జీ, పేగు వాపు, మధుమేహం ముంచుకొస్తాయి. కళ్లెం ఒక్కటే తెగింది, మిగతా బలగమంతా మామూలుదే. 1995లో షిమోన్ సకగుచి ఈ నియంత్రక కణాలను గుర్తించినప్పుడు చాలామంది నమ్మలేదు. 2025లో ఆయనకు, ఫాక్స్‌పీ3 జన్యువును వెలికితీసిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్‌స్‌డెల్‌లతో కలిపి నోబెల్ బహుమతి దక్కింది. అలర్జీ స్టిరాయిడ్లతో తగ్గుతుంది కాబట్టి అది అతి బలమేనన్న మాటకూ ఇక్కడే జవాబుంది. స్టిరాయిడ్ తప్పు తీర్పునూ ఒప్పు తీర్పునూ వేరు చేయదు, రెండిటినీ అణచేస్తుంది. అందుకే దాన్ని ఎక్కువకాలం మింగినవారికి క్షయ తిరగబెట్టే ముప్పు.

ఐజీఈ కథ అతిసున్నితత్వంలో ఒక భాగమే. 1963లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫిలిప్ జెల్, రాబిన్ కూంబ్స్ మొత్తాన్ని నాలుగు రకాలుగా విడదీశారు, వైద్య విద్యార్థులు నేటికీ ఆ నాలుగింటినే వల్లెవేస్తారు. అసలు జబ్బులు ఆ గళ్లలో అంత శుభ్రంగా ఇమడవు. ఇప్పటిదాకా చెప్పుకున్న తక్షణ అలర్జీ మొదటి రకం. రెండో రకంలో ఐజీజీ, ఐజీఎం యాంటీబాడీలు నేరుగా కణాల మీదే అంటుకుని వాటిని చంపిస్తాయి. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లి, పాజిటివ్ బిడ్డ దీనికి తెలిసిన ఉదాహరణ. తొలి కాన్పులో బిడ్డ ఎర్రకణాలు తల్లి రక్తంలో కలిస్తే ఆమె వాటికి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది, అవి మలి కాన్పు బిడ్డ రక్తాన్ని విరిచేస్తాయి. ఆ తల్లి రక్షణ వ్యవస్థ తప్పేమీ చేయలేదు, పరాయి కణాన్ని పరాయిదిగానే గుర్తించింది. 1968 నుంచి వాడుకలో ఉన్న యాంటీ డీ సూది ఆమె బలాన్ని తగ్గించదు. కాన్పయిన 72 గంటల్లోపు ఇస్తే ఆ తీర్పు అసలు వెలువడకుండానే ఆపుతుంది. ఒకసారి వెలువడ్డాక ఎన్ని సూదులు వేసినా లాభం లేదు.

మూడో రకం పిర్కే చూసిన సీరం జబ్బు బాపతు: యాంటీబాడీ, దాని లక్ష్యం ముద్దలుగా కలిసి మూత్రపిండాల్లో, కీళ్లలో, సన్న నాళాల్లో పేరుకుంటాయి. నాలుగో రకంలో యాంటీబాడీల ప్రమేయం లేదు. 1942లో కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్ గినీపందుల్లో ఈ ఆలస్యపు ప్రతిచర్యను సీరంతో బదిలీ చేయలేకపోయారు, కణాలతో చేయగలిగారు. క్షయకు చేసే మాంటూ పరీక్షలో రెండు మూడు రోజులకు చేతి మీద వచ్చే గట్టి వాపు ఈ బాపతే. వయ్యారిభామ దురదా ఇదే. 1950లలో పుణె దగ్గర కనపడి దేశమంతా అల్లుకున్న ఈ మొక్కలోని పార్థెనిన్ చిన్న రసాయనం. ఒంటి ప్రొటీన్లకు అతుక్కుని వాటి రూపు మారుస్తుంది, టీ కణాలకు అవి పరాయివిగా కనిపిస్తాయి. చాకలివారు బట్టల మీద గుర్తులకు వాడిన నల్లజీడి రసం, జుట్టురంగులోని పీపీడీ, గిల్టు నగల్లోని నికెల్, సిమెంటులోని క్రోమియం అన్నీ ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. తేల్చుకోవడానికి వీపు మీద చిన్న బిళ్లల్లో ఈ పదార్థాలు అంటించి, 48 గంటల తర్వాత తీసి చూసి, మరో ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఆలోగా స్నానం చేయకూడదు, ఎండాకాలంలో రోగికి అది చిన్న శిక్షేం కాదు. కుష్ఠు చికిత్స మధ్యలో నరాలు వాచి చేతులు వంకర్లు పోయే ప్రతిచర్య కూడా నాలుగో రకానిదే. అయినా కుష్ఠు వైద్యులు దాన్ని 'టైప్ 1 రియాక్షన్' అంటారు. రెండు వర్గీకరణల అంకెలు కలిసి విద్యార్థులను తికమక పెట్టే చోటిది. అక్కడ క్రిమి చాలావరకు చచ్చి ఉండవచ్చు. వేలు వంచేది దాని మీద టీ కణాల దాడి.

మందుల అలర్జీలో తీర్పు తప్పడం ఎంత సూక్ష్మంగా జరుగుతుందో హెచ్‌ఐవీ మందు అబకవిర్ చూపింది. కొందరికి అది జ్వరం, దద్దుర్లతో ప్రాణం మీదికి తెచ్చేది. వాళ్లలో చాలామందిలో హెచ్‌ఎల్‌ఏ బీ 57:01 అనే జన్యురూపం ఉందని 2002లో బయటపడింది. కణాలు తమ లోపలి ప్రొటీన్ ముక్కలను టీ కణాలకు చూపించే పళ్లెం లాంటి అణువు ఈ హెచ్‌ఎల్‌ఏ. అబకవిర్ సరిగ్గా ఆ అణువు గాడిలో దూరి, అది చూపించే ముక్కలనే మార్చేస్తుంది. టీ కణానికి కొత్త ముఖం కనిపిస్తుంది, కొత్త ముఖాన్ని ఎదిరించడం దాని విధి. మందు మొదలుపెట్టే ముందు ఆ జన్యుపరీక్ష చేయడంతో ఈ ప్రతిచర్య దాదాపు కనుమరుగైంది. మూర్ఛ మందు కార్బమజెపిన్‌కూ హెచ్‌ఎల్‌ఏ బీ 15:02కూ ఉన్న సంబంధం 2004లో తైవాన్‌లో తేలింది. చర్మం ఒలిచినట్టు ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ జబ్బును ఆసియావాసుల్లో ముందే పసిగట్టే దారి అలా దొరికింది. దీనితోపాటు చెప్పుకోవలసిన మరో సంగతి, ఒంటికి పడనిదల్లా అలర్జీ కాదు. పాలు తాగితే కడుపు ఉబ్బడం లాక్టేజ్ ఎంజైమ్ లేక. మిరపకారం కొట్టినప్పుడు తుమ్ములు, కళ్లవెంట నీళ్లు నరాల మంట వల్ల. వాంకోమైసిన్ వేగంగా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడటం మందే మాస్ట్ కణాలను నేరుగా పేల్చడం వల్ల. ఈ మూడింటిలో ఐజీఈకి పనిలేదు.

తీర్పు తప్పుతుందంటే ఇంకో ప్రశ్న వస్తుంది: ఇంత ప్రమాదకరమైన యంత్రాంగాన్ని పరిణామం ఎందుకు ఉంచుకుంది? అలర్జీ పదార్థాలు నిరపాయమైనవన్న ఊహే పూర్తిగా నిజం కాదని జవాబు. దుమ్ముపురుగు రెట్టలోని ముఖ్య ప్రొటీన్ ఒక ఎంజైమ్, ఊపిరి గొట్టాల కణాల అతుకులను అది కోస్తుంది. తేనెటీగ విషంలోని ఫాస్ఫోలైపేజ్ కణపొరలను చీలుస్తుంది. 1960లలో బట్టల సబ్బుపొడిలో బ్యాక్టీరియా ఎంజైములు కలిపినప్పుడు బ్రిటన్ ఫ్యాక్టరీ కార్మికులకు ఆస్తమా వచ్చింది. పొడి ఎగరకుండా ఎంజైములను గుళికలుగా చేశాక తగ్గింది. చర్మాన్నో పేగునో కోసుకుని లోపలికి వచ్చేవి ఒకప్పుడు నులిపురుగులు, విషకీటకాలే. వాటిని కక్కి, తుమ్మి, దగ్గి, గోకి బయటికి తోసేయడానికి ఐజీఈ ఏర్పాటు పనికొస్తుంది. 2013లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో, ముందు కొద్దిగా తేనెటీగ విషం రుచి చూపిన వాటికి తర్వాత ప్రాణాంతక మోతాదు ఇస్తే ఎక్కువ బతికాయి. ఐజీఈ లేని ఎలుకలకు ఆ రక్షణ దక్కలేదు. పల్లీ ప్రొటీన్లు ఎంజైములు కావు కదా అంటే ఒప్పుకోవాలి, ఈ వివరణ అన్నిటికీ సరిపోదు. అయితే అవి ఏ దారిన లోపలికి వచ్చాయన్నది లెక్కలోకి వస్తుంది. గోమారి (టిక్) కుట్టినవారికి ఆ తర్వాత మాంసం పడకపోవడం దీనికి విచిత్రమైన ఉదాహరణ. మాంసంలోని ఆల్ఫా గాల్ అనే చక్కెర అణువును ఏళ్లుగా తింటూనే ఉన్నారు, ఏమీ కాలేదు. అదే అణువు గోమారి లాలాజలంతో చర్మం గుండా వచ్చేసరికి ఐజీఈ పుట్టింది. ఆ తర్వాత మాంసం తిన్న మూడు నుంచి ఆరు గంటలకు, తరచు నడిరాత్రి, దద్దుర్లు లేస్తాయి.

తీర్పును తీర్చిదిద్దేది చిన్ననాటి పరిసరాలని చెప్పే సాక్ష్యం సమాజాల పోలికలో దొరికింది. 1958లో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు చూసి, అన్నలూ అక్కలూ ఎక్కువున్న వారికి పుప్పొడి అలర్జీ తక్కువని 1989లో డేవిడ్ స్ట్రాకన్ రాశాడు. జర్మనీ ఏకమైనప్పుడు, పొగతో నిండిన తూర్పు నగరాల పిల్లల్లోనే అలర్జీ ఎక్కువుంటుందని అనుకున్నారు. శుభ్రమైన పశ్చిమ నగరాల్లో ఎక్కువని తేలింది. అమెరికాలో ఒకే మధ్య యూరప్ మూలాలున్న రెండు వ్యవసాయ సమాజాలను 2016లో పోల్చారు. ఇంటిపక్కనే పశువుల కొట్టాలున్న అమిష్ పిల్లల్లో ఆస్తమా 5.2 శాతం, యంత్రాలతో పెద్ద క్షేత్రాలు సాగుచేసే హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. దీన్నుంచి మురికి మంచిదని తేల్చేయడం తొందరపాటు. అమెరికా నగరాల పేద వాడల్లో బొద్దింకల మధ్య పెరిగిన పిల్లలకు ఆస్తమా తక్కువేమీ కాదు. కొంకిపురుగులను కావాలని ఎక్కించి ఆస్తమా తగ్గించాలన్న ప్రయోగాలూ ఆశించిన ఫలితం ఇవ్వలేదు. చేతులు కడుక్కోవడం మానితే విరేచనాలొస్తాయి, అలర్జీ పోతుందన్న హామీ లేదు. ఏ సూక్ష్మజీవులు, ఏ వయసులో, ఎంత అన్నదే అసలు లెక్క.

ఆ లెక్కలో అన్నిటికంటే స్పష్టంగా తేలింది పల్లీల విషయం. అలర్జీ భయంతో అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో, ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా పల్లీలు పెట్టొద్దని చెప్పింది. సమస్య తగ్గలేదు, 2008లో ఆ సలహా వెనక్కి పోయింది. అదే ఏడాది లండన్‌కు చెందిన గిడియన్ లాక్ బృందం బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతమని చూపింది. ఇజ్రాయెల్‌లో పాలు మాన్పించే వయసులోనే పిల్లలకు బాంబా అనే పల్లీ చిరుతిండి అలవాటు చేస్తారు. ఎగ్జిమాతో చిట్లిన చర్మం గుండా ఇంటి దుమ్ములోని పల్లీ పొడి చేరితే అలర్జీ, నోటి గుండా పేగుకు చేరితే సహనం అన్నది లాక్ ఊహ. చర్మపు గట్టిదనానికి అవసరమైన ఫిలాగ్రిన్ జన్యువు చెడినవారికి ఎగ్జిమా, దానితోపాటు ఇతర అలర్జీలు ఎక్కువని 2006లోనే తేలి ఉంది. పరీక్షించడానికి 4 నుంచి 11 నెలల వయసున్న 640 మంది పసివాళ్లను రెండు జట్లు చేశారు. 2015లో ఫలితం వచ్చింది: అయిదేళ్లకు పల్లీలు మానిన జట్టులో 17.2 శాతానికి అలర్జీ, తిన్న జట్టులో 3.2. ఆ పిల్లలనే 2024 దాకా వెంబడిస్తే, పల్లీలు ఎప్పుడు ఎంత తిన్నా తమ ఇష్టానికే వదిలేశాక కూడా, యౌవనంలో 15.4, 4.4 శాతాలుగా తేడా నిలిచే ఉంది. ఇక్కడ ఎవరి బలమూ తగ్గించలేదు.

ఇప్పటికే అలర్జీ వచ్చినవారికి ఇంత తేలిక దారి లేదు. 1911లో లెనార్డ్ నూన్ లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి, పడని పదార్థాన్నే సూదిమందుగా కొద్దికొద్దిగా పెంచుతూ ఏళ్ల తరబడి ఇవ్వడం, నేటికీ తీర్పును మార్చే ముఖ్య చికిత్స. దాన్లో ఐజీఈ మొదట పెరుగుతుంది, తర్వాతే ఐజీజీ 4, నియంత్రక కణాలు పైచేయి సాధిస్తాయి. ఐజీఈని పట్టి కట్టేసే ఒమలిజుమాబ్ సూదికి అమెరికాలో 2003లో ఆస్తమాకు, 2024లో ఆహార అలర్జీకి అనుమతి వచ్చింది. వాడినంతకాలం పనిచేస్తుంది, ఖరీదు చాలామందికి అందదు. పల్లీల పాఠం మిగతా ఆహారాలకు ఎంతవరకు వర్తిస్తుందో చూడాలని 1,303 మంది శిశువుల్లో సగం మందికి మూడో నెల నుంచే ఆరు రకాల ఆహారాలు పెట్టిన బ్రిటిష్ ప్రయోగం 2016లో తేల్చలేకపోయింది: చెప్పినట్టు పెట్టగలిగిన ఇళ్లలో అలర్జీ బాగా తగ్గింది, కానీ వారం వారం ఆ కొలతలు పాటించగలిగిన తల్లిదండ్రులు సగం మంది కూడా లేరు. మొత్తం అందరినీ కలిపి లెక్కేస్తే తేడా గణాంకాల గీటు దాటలేదు.